కారు పెయింట్ కరెక్షన్‌కి ఏ పాలిషింగ్ మెషీన్ కొనాలి: అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో చేసుకునేవాళ్ల కోసం పూర్తి గైడ్

పొద్దున ఆరున్నరకి మా మారతహళ్లి అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లోకి దిగితే ఒకే బకెట్, ఒకే గుడ్డతో వరసగా ఇరవై కార్లు తుడిచేస్తుంటారు. మూడో కారుకే బకెట్లో నీళ్లు టీ రంగులోకి వచ్చేస్తాయి, ఔటర్ రింగ్ రోడ్డు మీద మెట్రో పనుల దుమ్మంతా ఆ గుడ్డలోనే ఉంటుంది. తుడిచేవాళ్ల తప్పేం లేదు, వాళ్లకి ఇచ్చే డబ్బుకి, దొరికే టైముకి అంతకన్నా ఎవరూ చేయలేరు. కానీ ఆ గుడ్డలో ఇరుక్కున్న ఇసక మన బానెట్ మీద రోజూ సన్నగా గీస్తూనే ఉంటుంది, ఒక ఏడాదికి కారు ఎండలోకి తీస్తే సాలెగూడు లాగా గుండ్రంగా గీతలు మెరుస్తాయి. వీటినే స్వర్ల్ మార్కులు అంటాం. దానికి తోడు ట్యాంకర్ నీళ్లు, బోరు నీళ్లు ఆరిపోయాక మిగిలే తెల్ల మచ్చలు, పార్కింగ్ పైపుల మీద కూర్చునే పావురాల రెట్టలు. బెంగళూరులో నల్ల కారో ముదురు నీలం కారో ఉన్నవాళ్లకి ఈ బాధ బాగా తెలుసు.

ఈ గీతల్ని పోగొట్టే పనినే పెయింట్ కరెక్షన్ అంటారు, కానీ నిజానికి పాలిషింగ్ మెషీన్ గీతల్ని తీయదు. మెషీన్ చేసేది గీత చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌ని, అంటే రంగు మీదుండే పారదర్శక పొరని, గీత అడుగుదాకా అరగదీయడం, అంతే. ఆ అరిగిన పొర మళ్లీ రాదు. కాబట్టి మెషీన్ కొనేటప్పుడు "ఎంత పవర్‌ఫుల్" అని కాకుండా "నేను పొరపాటు చేస్తే ఇది నాకు ఎంత టైమిస్తుంది" అని అడగాలి. నేను చెప్పేదంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

నాకు ఇది పట్టుకోవడానికి కారణం మా నల్ల కారు. కొన్న రెండో ఏడు ఒక షాపులో రబ్బింగ్ పాలిషింగ్ చేయించా, సాయంత్రం ట్యూబ్‌లైట్ కింద డెలివరీ ఇచ్చారు, అద్దంలా ఉంది, సంతోషంగా డబ్బులు కట్టి వచ్చేశా. మూడు వాష్‌లు అయ్యాక ఒక ఆదివారం పొద్దున ఎండలో చూస్తే పాత గీతలు చాలావరకు అలాగే ఉన్నాయి, పైగా డోర్ల మీద నీళ్ల మీద నూనె తేలినట్టు అలలు అలలుగా కొత్త మెరుపులు, మనం కదిలితే అవీ కదులుతున్నాయి. వాటిని హోలోగ్రాములంటారని తర్వాత తెలిసింది. రోటరీ మెషీన్‌తో గబగబా చేసి, పైన గీతలు కప్పేసే గ్లేజ్ పూసి ఇచ్చారు, గ్లేజ్ కడుక్కుపోయింది, కింద ఉన్నది బయటపడింది. ఆ రోజే ఈ పని నేనే నేర్చుకోవాలి అనుకున్నా.

ముందు మీ కారు పెయింట్ ఏంటో తెలుసుకోండి

మెషీన్ల వీడియోలు చూడకముందు ఈ పని చేయండి, చాలామంది దీన్ని దాటేస్తారు. కొత్తగా ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కారు మీద ప్రైమర్, రంగు, క్లియర్ కోట్ అన్నీ కలిపి మామూలుగా వంద మైక్రాన్లకి అటూ ఇటూ ఉంటాయి, అందులో క్లియర్ కోట్ సుమారు 35 నుంచి 50. మైక్రాన్ అంటే ఎంఎంలో వెయ్యో వంతు, మన తల వెంట్రుక మందం 70 మైక్రాన్ల దగ్గర ఉంటుంది, అంటే మనం పని చేసే పొర ఒక వెంట్రుక కన్నా సన్నం. కట్టింగ్ కాంపౌండ్‌తో, అంటే పెయింట్‌ని అరగదీసే పేస్ట్‌తో, ఒక రౌండ్ చేస్తే రెండు మూడు మైక్రాన్లు పోవచ్చు. ఎండ నుంచి రంగుని కాపాడేది కూడా ఈ పొరే కాబట్టి కారు జీవితకాలంలో ఇలాంటి రౌండ్లు ఎన్నో చేయలేం.

పెయింట్ థిక్‌నెస్ గేజ్ అని చేతిలో పట్టేంత మీటర్ దొరుకుతుంది, కొనలేకపోతే ఎవరిదగ్గరైనా ఒక పూట అడిగి తీసుకోండి. ఒక్కో ప్యానెల్ మీద ఐదారు చోట్ల పెట్టి చూడండి. అన్నిచోట్లా 100, 110 వచ్చి ఒక్క డోర్ మీద 220 వస్తే ఆ డోర్ ఎప్పుడో రీపెయింట్ అయిందని అర్థం, సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లకి ఇది చాలా చోట్ల బయటపడుతుంది. రీడింగ్ ఎక్కువ ఉంది కదా అని ధైర్యంగా రుద్దకండి, ఆ మందంలో లప్పం ఎంత, క్లియర్ ఎంత అనేది మీటర్ చెప్పదు. ప్లాస్టిక్ బంపర్ల మీద మామూలు గేజ్ అసలు పనిచేయదు.

ఇంకో రెండు పరీక్షలకి మీటర్ కూడా అక్కర్లేదు. గీత మీద గోరు అడ్డంగా లాగండి, గోరు తట్టుకుంటే అది పాలిష్‌తో పోయే గీత కాదు, దాన్ని వదిలేయండి. పాత తెల్ల కార్లకి క్లియర్ కోటే ఉండకపోవచ్చు, ఒక మూల కొంచెం పాలిష్ ముదురు రంగు గుడ్డతో చేత్తో రుద్ది చూస్తే గుడ్డకి తెల్లటి రంగు అంటుకుంటే నేరుగా రంగునే అరగదీస్తున్నారన్నమాట. ఎరుపు కారైతే తెల్ల గుడ్డ తీసుకోండి.

గట్టి పెయింట్, మెత్తటి పెయింట్ అనే మాట కూడా వింటారు. జర్మన్ కార్లకి గట్టిగా, జపాన్ కంపెనీల కార్లకి మెత్తగా ఉంటుందని అంటారు, చాలాసార్లు నిజమే, కానీ ఒకే మోడల్‌లో రంగు మారినా తేడా ఉంటుంది. అందుకే పేరు చూసి కాదు, చిన్న జాగాలో చేసి చూసి తేల్చుకోవాలి.

మెషీన్లు మూడు రకాలు, మూడిటి నడక వేరు

రోటరీ అంటే తిరగలి లాంటిది, ఒకే ఇరుసు మీద గుండ్రంగా తిరుగుతుంది, సుమారు 600 నుంచి 3000 ఆర్పీఎమ్ (నిమిషానికి చుట్లు) వరకు. మన దగ్గర షాపుల్లో ఎక్కువగా కనపడేది ఇదే, బాష్ జీపీఓ 12 సీఈ లాంటివి. నేనొక లెక్క వేసి చూశా, ఏడు ఇంచీల ప్యాడ్ (మెషీన్‌కి తగిలించే గుండ్రటి మెత్త) 1500 ఆర్పీఎమ్ మీద తిరిగితే దాని అంచు సెకనుకి 14 మీటర్లు పోతుంది, అంటే గంటకి 50 కిలోమీటర్లు, ఔటర్ రింగ్ రోడ్డు కాస్త ఖాళీగా ఉన్నప్పుడు కారు పోయే స్పీడు. ఆ స్పీడులో ప్యాడ్‌ని డోర్ మీదున్న మడత లైన్ దగ్గరో బానెట్ అంచు దగ్గరో రెండు మూడు సెకన్లు ఎక్కువ ఆపితే చాలు, వేడికి క్లియర్ కోట్ పోయి కింద రంగు, ప్రైమర్ కనపడతాయి. అంచుల దగ్గర పెయింట్ మామూలుగానే పల్చగా ఉంటుంది. పైగా ఒకే దిక్కున తిరగడం వల్ల సన్న గీతలన్నీ ఒకే వాలులో పడతాయి, హోలోగ్రాములు అవే. రోటరీ చెడ్డదని అనను, చెయ్యి తిరిగినవాళ్ల దగ్గర అది చేసే పని ఇంకేదీ అంత తొందరగా చేయలేదు, కానీ మొదటి మెషీన్‌గా వద్దు.

డీఏ, అంటే డ్యుయల్ యాక్షన్. చిన్నప్పుడు బొంగరం వేసేవాళ్లకి ఇది వెంటనే అర్థమవుద్ది, బొంగరం తన చుట్టూ తాను తిరుగుతూనే నేల మీద చిన్న చిన్న సున్నాలు చుడుతుంది చూడండి, అదే నడక. ప్యాడ్ ఒకచోట నిలకడగా ఉండదు కాబట్టి వేడి ఒకే చోట పోగవదు, గీతలు ఒకే వాలులో పడవు. అన్నిటికన్నా ముఖ్యం, ఎక్కువ నొక్కినా అంచు మీద పెట్టినా ప్యాడ్ తిరగడం తనంతట తానే ఆగిపోతుంది, ఊరికే వణుకుతుంది. దాన్ని స్టాల్ అంటారు. కొత్తవాళ్లు దాన్ని లోపం అనుకుంటారు, నేనైతే కాపలా అంటాను.

మూడోది ఫోర్స్‌డ్ రొటేషన్. డీఏ లాగానే సున్నాలు చుడుతుంది కానీ గేర్‌తో నడుస్తుంది కాబట్టి నొక్కినా ఆగదు. జర్మనీ వాళ్ల ఫ్లెక్స్ ఎక్స్‌సీ 3401 ఇందులో బాగా పేరున్నది. గట్టి పెయింట్ మీద బాగా కోస్తుంది, కానీ పక్కకి లాగుతుంది, వేడి కూడా డీఏ కన్నా ఎక్కువ. మకీటా పీఓ5000సీ లాంటి వాటిలో స్విచ్ మార్చి రెండు రకాలుగా వాడుకోవచ్చు. రెండో మెషీన్‌గా బాగుంటాయి ఇవి.

ఇక ఒక హెచ్చరిక. ఇంట్లో టైల్స్ కోసే యాంగిల్ గ్రైండర్‌కి ఫోమ్ ప్యాడ్ తగిలించి పాలిష్ చేయొచ్చు అని కొందరు చెప్తారు. మన నాలుగు ఇంచీల గ్రైండర్లు 11000 ఆర్పీఎమ్ దగ్గర తిరుగుతాయి. దయచేసి ఆ పని చేయకండి, కారుకే కాదు, ప్యాడ్ ఊడి ముఖానికి కొట్టే ప్రమాదం కూడా ఉంది.

త్రో ఎంత ఉండాలి

డీఏ కొనాలని తేల్చుకున్నాక అసలు తికమక ఇక్కడ మొదలవుద్ది. డబ్బా మీద 8 ఎంఎం, 12, 15, 21 అని రాసుంటుంది. ప్యాడ్ అతుక్కునే బ్యాకింగ్ ప్లేట్ చుట్టే సున్నా వెడల్పు అది, దాన్నే త్రో అంటారు. రూపెస్ కంపెనీ ఎల్‌హెచ్‌ఆర్ 15, ఎల్‌హెచ్‌ఆర్ 21 అనే పేర్లలో అంకె కూడా ఇదే చెప్తుంది.

సున్నా పెద్దదయ్యేకొద్దీ ప్యాడ్ ఒక్కో చుట్టులో ఎక్కువ జాగా తిరుగుతుంది, పని తొందరగా అవుద్ది, బానెట్, రూఫ్ లాంటి చదును జాగాల్లో హాయిగా సాగుతుంది. కానీ వంపుల మీద, డోర్ హ్యాండిల్ చుట్టూ, బంపర్ మడతల్లో ఊరికే స్టాల్ అవుద్ది. 21కి మామూలుగా ఆరు ఇంచీల ప్లేట్ ఉంటుంది, పెద్ద ఎస్‌యూవీల పక్క భాగాలకి అది బాగుంటుంది. మన దగ్గర ఎక్కువుండేది స్విఫ్ట్, బలెనో, ఐ20 సైజు హ్యాచ్‌బ్యాక్‌లు, కాంపాక్ట్ ఎస్‌యూవీలు, ఇప్పటి డిజైన్లలో తలుపుకి రెండు మడతలు, బానెట్‌కి నాలుగు మడతలు. వీటి మీద ఆరు ఇంచీల ప్యాడ్ చదునుగా కూర్చునే జాగానే తక్కువ. అందుకే ఒక్క మెషీన్ కొనగలిగితే ఐదు ఇంచీల ప్లేట్, 12 లేదా 15 ఎంఎం త్రో ఉన్నది తీసుకోండి. బడ్జెట్ తక్కువైతే 8 ఎంఎం కూడా చాలు, టైము ఎక్కువ పట్టుద్ది, అంతే. 8 ఎంఎంకి ఇంకో సుఖం ఉంది, ఐదు ఇంచీలది తీసి మూడు ఇంచీల ప్లేట్ బిగిస్తే పిల్లర్లు, అద్దాల డొప్పలు, బంపర్ మూలలు దానితోనే అయిపోతాయి. 15, 21 మెషీన్లలో లోపల బరువు ఆ సైజు ప్లేట్‌కే బ్యాలెన్స్ చేసి ఉంటుంది కాబట్టి ఇష్టమొచ్చిన ప్లేట్ పెడితే చేతులు జివ్వుమంటాయి.

కరెంటు సంగతి, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు

మా బామ్మర్ది హిందూపురం నుంచి వచ్చినప్పుడు ఒక కొత్త డబ్బా చంకలో పెట్టుకుని దిగాడు. "బావా, అన్న అమెరికా నుంచి తెచ్చినాడు, ఇంకా ఓపెన్ గూడా చేయలే, నువ్వు చూపిస్తావని తెచ్చినా" అన్నాడు. మెషీన్ కింద స్టిక్కర్ తిప్పి చూస్తే 120 వోల్టులు. "ఒరేయ్, దీన్ని మన ప్లగ్గులో పెట్టి ఉంటే ఒక్క నిమిషంలో పొగొచ్చేదిరా" అని చెప్పా, పాపం మొహం చిన్నబుచ్చుకున్నాడు. మన ఇళ్లల్లో వచ్చేది 230. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టొచ్చు కానీ తొమ్మిది వందల వాట్ల మెషీన్‌కి కనీసం వెయ్యి, పదిహేను వందల వాట్లది కావాలి, కొబ్బరికాయల సంచి అంత బరువుంటుంది, దాన్ని పార్కింగ్‌లో కారు చుట్టూ ఈడ్చుకుంటూ తిరగాలి. ఎవరైనా తెస్తామంటే ముందే చెప్పండి, స్టిక్కర్ మీద 220-240 ఉంటేనే తెమ్మని.

వాట్లని 230తో భాగిస్తే ఎన్ని ఆంపియర్లో తెలుస్తుంది. 900 వాట్ల డీఏ నాలుగు ఆంపియర్లు తీసుకుంటుంది, మామూలు చిన్న సాకెట్‌కి ఇబ్బంది లేదు. 1250 వాట్ల రోటరీ ఐదున్నర దాకా వెళ్తుంది, దానికి పవర్ సాకెట్ వాడటం మంచిది. అపార్ట్‌మెంట్‌లో అయితే అసోసియేషన్‌ని అడిగి ఎలక్ట్రీషియన్ చూపించిన సాకెట్ నుంచే తీసుకోండి, అది కామన్ మీటర్ కాబట్టి అడగడం పద్ధతి కూడా. ఎక్స్‌టెన్షన్ వైరు 1.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరుతో చేయించుకోండి, బెంగళూరు ఎస్పీ రోడ్‌లో ఏ ఎలక్ట్రికల్ షాపులో అడిగినా అక్కడికక్కడే కోసి ప్లగ్గు, బోర్డు బిగించి ఇస్తారు. కంప్యూటర్‌కి వాడే సన్నటి వైరు బోర్డులు వద్దు. వైరు చుట్ట మొత్తం విప్పేసి వాడాలి, చుట్ట మీదే ఉంచితే లోపల వేడెక్కుతుంది. వాష్ చేసిన తడి నేల మీద బోర్డు పెట్టొద్దు.

బ్యాటరీ మెషీన్లు చూస్తే ఆశ పుడుతుంది, వైరు గొడవ ఉండదు. కానీ కాంపౌండ్ చేసేటప్పుడు బ్యాటరీ ఇట్టే దిగిపోతుంది, కారు మొత్తానికి మూడు నాలుగు బ్యాటరీలు మార్చుకోవాలి, అవి విడిగా చాలా ఖరీదు. చిన్న మూలలకి మాత్రం మూడు ఇంచీల బ్యాటరీ మెషీన్ నిజంగా సుఖం.

చేత్తో పట్టుకుని చూడకుండా కొనకండి

బొమ్మ చూసి ఆర్డర్ పెట్టే ముందు ఒకసారైనా అలాంటి మెషీన్ పట్టుకోండి, డీటెయిలింగ్ (కారు పాలిష్ పని) చేసే ఫ్రెండ్ దగ్గరో కారు సామాన్ల షాపులుండే జేసీ రోడ్‌లోనో. డీఏలు రెండున్నర మూడు కిలోలు ఉంటాయి, తక్కువే అనిపిస్తుంది కానీ డోర్ కింది భాగం చేయడానికి వంగి పది నిమిషాలు పట్టుకుంటే తెలుస్తుంది. చూడాల్సినవి ఇవి: స్విచ్ నొక్కగానే ఒక్కసారి ఎగిరిపడుతుందా, మెల్లగా స్పీడ్ అందుకుంటుందా, మెల్లగా అందుకునేదే కావాలి, లేకపోతే కాంపౌండ్ అద్దాల మీదకి చిమ్ముతుంది. స్పీడ్ తిప్పే చక్రం పని మధ్యలో మన బొటనవేలికి తగిలి తిరిగిపోతుందా. వైరు ఎంత పొడవుంది. కార్బన్ బ్రష్‌లు (మోటార్‌లో అరిగిపోయే ముక్కలు), బ్యాకింగ్ ప్లేట్ ఇక్కడ దొరుకుతాయా, ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే ప్లేట్ మీద వెల్క్రో వేడికి పోతూనే ఉంటుంది, ప్లేట్ దొరకకపోతే మెషీన్ మూలన పడ్డట్టే. వణుకు మాత్రం ప్యాడ్ బిగించి ప్యానెల్ మీద పెట్టినప్పుడే చూడాలి, గాల్లో ఆన్ చేస్తే మంచి మెషీన్ కూడా వణుకుతుంది.

డబ్బుల విషయంలో నా మాట ఒకటే, ఉన్నదంతా మెషీన్ మీద పెట్టకండి. మామూలు మెషీన్, మంచి ప్యాడ్లు, మంచి కాంపౌండ్ ఉన్నవాడు ఖరీదైన మెషీన్‌కి డబ్బాలో వచ్చిన రెండు ప్యాడ్లతో చేసేవాడి కన్నా మంచి పని తెస్తాడు. కారు మొత్తానికి కనీసం నాలుగు కట్టింగ్ ప్యాడ్లు (గీతలు కోసేవి), మూడు ఫినిషింగ్ ప్యాడ్లు (చివర్లో మెరుపు తెచ్చేవి) ఉండాలి, ఎందుకంటే ప్యాడ్ కాంపౌండ్‌తో తడిసి వేడెక్కాక కోయదు, ఊరికే పూస్తుంది. కాంపౌండ్లలో కోతకి మెన్జెర్నా కంపెనీ 400, పూర్తి మెరుపుకి వాళ్లదే 3500 పాలిష్, ఈ రెండూ నాకు అలవాటు, మెగ్వయర్స్, త్రీఎంలో కూడా మంచివున్నాయి. ఒక కంపెనీవే రెండూ తీసుకుంటే తికమక ఉండదు.

మొదటి రోజు ఇలా చేయండి

మొదట మీ కారు ముట్టుకోకండి. శివాజీనగర్ గుజరీలో (పాత సామాన్ల మార్కెట్‌లో) పాత బానెటో డోరో ముదురు రంగుది తెచ్చుకోండి, ఇంటికి తెచ్చి దాని మీద నాలుగు రోజులు చేయండి. ఆ ప్యానెల్ మీదే ఒక చోట కావాలని పెయింట్ కాల్చి చూడండి, ఎంతసేపటికి కాలింది, అంతకుముందు చెయ్యి వెనక భాగంతో ముట్టుకుంటే ఎంత వేడి ఉంది అనేది మీ చేతికి గుర్తుండిపోవాలి.

బ్యాకింగ్ ప్లేట్ పక్కన నల్ల మార్కర్‌తో ఒక గీత గీయండి. ఈ చిన్న గీతే మీకు గురువు. మెషీన్ నడుస్తుండగా ఆ గీత మెల్లగా తిరుగుతూ కనపడాలి, గీత ఒకే చోట నిలబడి మసకగా వణికితే ప్యాడ్ స్టాల్ అయింది, చప్పుడు కూడా మారుతుంది, ఝుమ్మని సాఫీగా ఉన్నది గరగరమంటూ బరువుగా అవుద్ది. అప్పుడు చెయ్యి కొంచెం తేలిక చేయండి, లేదా ప్యాడ్ వంకరగా ఉందేమో చూసి చదునుగా పెట్టండి. ఎంత నొక్కాలో తెలియాలంటే బరువు చూసుకునే మెషీన్ మీద, ఆఫ్ చేసిన పాలిషర్ ప్యాడ్ పెట్టి నొక్కండి, ఐదు కిలోలకి అటూ ఇటూ చూపిస్తే కటింగ్‌కి సరిపోతుంది, ఫినిషింగ్‌కి మెషీన్ బరువుకి కొంచెం ఎక్కువ చాలు.

కారు మీదకి వచ్చాక బాగా కడిగి, క్లే బార్ (అంటుకున్న మురికిని లాగేసే మెత్తటి ముద్ద) రుద్ది, చేత్తో తడిమితే గాజులా జారాలి. నల్ల ప్లాస్టిక్ బీడింగులకి, లోగోలకి, అంచులకి టేపు వేయండి. బానెట్ మీద రెండు అడుగుల చదరం ఒకటి టేపుతో గుర్తు పెట్టి అక్కడే పరీక్ష. ఎప్పుడూ తక్కువ దాంతో మొదలుపెట్టాలి: ముందు ఫినిషింగ్ ప్యాడ్, ఫినిషింగ్ పాలిష్. గీతలు పోతే కాంపౌండ్ అవసరమే లేదు, క్లియర్ కోట్ మిగిలినట్టే. పోకపోతే అప్పుడు కట్టింగ్ ప్యాడ్, కాంపౌండ్. కొత్త ప్యాడ్ అంతటా పల్చగా రుద్ది తర్వాత నాలుగు బఠానీ గింజలంత పెట్టుకోండి, స్పీడ్ ఒకటి మీద పూసి, నాలుగు లేదా ఐదుకి పెంచి, సెకనుకి ఒక ఇంచీ చొప్పున, అడ్డంగా ఒకసారి నిలువుగా ఒకసారి, సగం సగం మీదకి ఎక్కేలా నాలుగు నుంచి ఆరు సార్లు. చెయ్యి తొందరపడుతుంది, ఆపుకోవాలి, అందరూ తప్పు చేసేది ఇక్కడే. తర్వాత సగం నీళ్లు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, టార్చ్ పక్కనుంచి కొట్టి, వీలైతే కారు బయటికి తీసి ఎండలో చూడండి. పాలిష్‌లో ఉండే నూనె తుడవకుండా చూసి అయిపోయింది అనుకుంటే నాకు షాపులో జరిగినట్టే మీకు మీరే చేసుకున్నట్టు. నూరు శాతం పోవాలని పట్టు పట్టకండి, ఎనభై శాతం పోయి మందం మిగిలితే అదే మంచి పని.

ఎంత దూరం వచ్చినా ప్రతి జాగా అవ్వగానే ప్యాడ్‌ని నైలాన్ బ్రష్‌తో తిరుగుతుండగా రుద్ది ఎండిన కాంపౌండ్ రాల్చండి, ముక్కుకి మాస్క్, కళ్లకి అద్దాలు పెట్టుకుని. పని ఆపి టీకి వెళ్లేటప్పుడు వేడి ప్యాడ్‌ని మెషీన్‌కి అలాగే వదిలేయకండి, మెల్లగా పీకి పక్కన పెట్టండి, లేకపోతే వెల్క్రో సాగిపోతుంది. సాయంత్రం ప్యాడ్లని గోరువెచ్చటి నీళ్లలో కొంచెం లిక్విడ్ సోప్ వేసి పిండి, ఫోమ్ కిందకి, వెల్క్రో పైకి ఉండేలా నీడలో ఆరబెట్టండి, నీళ్లు జిగురు వైపు దిగకుండా ఉంటాయి.